క్యాసెట్లో సగమే చూసిన డ్రాగన్

పోయిన నెల ఇదే పేజీలో, బ్రూస్ లీ ‘ఎంటర్ ద డ్రాగన్’ను చాలా ఏళ్లకు ఇంట్లో డిస్క్ వేసుకుని మళ్లీ చూశానని, చిన్నప్పుడు క్యాసెట్లో చూసిన సినిమా ఇది కాదేమో అనిపించిందని నాలుగు ముక్కలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. పాలమూరు, మిర్యాలగూడ, దేవరకొండ, గద్వాల, ఎక్కడి నుంచి రాసినా అందరికీ ఒక వీడియో రాత్రి గుర్తుంది. మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి వాయిదా వేసి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

సార్, ఆ సినిమా మా ఊళ్లో వీడియో పెట్టినప్పుడల్లా చూశాను, ఫైట్లన్నీ నాకు కంఠతా వచ్చు. చూసిన సినిమాకే మళ్లీ డబ్బులు పెట్టి డిస్క్ కొనడం దేనికి? — ఒక పాఠకుడు, మిర్యాలగూడ

కంఠతా వచ్చు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. బ్రూస్ లీ, విలన్ అనుచరుడు ఓహారా ముంజేతులు ఆనించుకుని నిలబడే ఫైట్ ఉంది కదా, అందులో మొదటి దెబ్బ తగలకముందు ఓహారా ముఖం ఎలా ఉందో గుర్తుందా? నాకు గుర్తు లేదు. గుర్తు లేకపోవడం కాదు, అసలు చూడనే లేదు. డిస్క్ వేసుకున్నాకే ఆ ముఖం మొదటిసారి సరిగ్గా చూశాను.

కారణం చెప్తాను. ఈ సినిమా వెడల్పాటి తెర కోసం తీసింది. ఎత్తు 1 అనుకుంటే వెడల్పు దాదాపు 2.4. మన పాత టీవీ డబ్బా దాదాపు చదరంగా ఉండేది, ఎత్తు 3 అయితే వెడల్పు 4. ఆ వెడల్పు బొమ్మతో ఈ డబ్బా నింపాలంటే రెండు పక్కలా కోసేయాలి. లెక్క కడితే 100 భాగాల్లో సుమారు 44 భాగాలు పోతాయి. అంటే మీరూ నేనూ చూసింది సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఇద్దరూ దూరంగా నిలబడితే ఇద్దరినీ చూపించడానికి చోటు లేక క్యాసెట్ చేసేవాళ్లు బొమ్మని ఒకసారి ఇటు, ఒకసారి అటు జరిపేవాళ్లు. డైరెక్టర్ రాబర్ట్ క్లౌజ్ కెమెరా కదపని చోట కూడా కెమెరా కదిలినట్టు కనిపించేది అందుకే.

నేను మొదట చూసింది నకిరేకల్ దగ్గర మా ఊళ్లో, పదేళ్ల వయసులో. మా చిన్నాయన బొంబాయి నుంచి వచ్చినప్పుడు నల్లగొండ పోయి కలర్ టీవీ, వీసీఆర్, నాలుగు క్యాసెట్లు అద్దెకి తెచ్చాడు. టీవీని వాకిట్లో బల్ల మీద పెట్టారు, వాడకట్టు అంతా వచ్చి కూర్చుంది. మూడు తెలుగు సినిమాలు అయ్యేసరికి ఆడవాళ్లు, చిన్నపిల్లలు నిద్రపోయారు. తెల్లవారుజామున డ్రాగన్ వేశారు, మధ్యలో గీతలు వస్తే చిన్నాయన లేచి ట్రాకింగ్ తిప్పడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. ఆ రాత్రి నాకు ఇప్పటికీ ప్రాణం. కానీ ఆ రాత్రి చూసినదాంట్లో బ్రూస్ లీ చెయ్యి లేస్తుంది, ఎవడో పడతాడు, ఎవడు, ఎంత దూరం నుంచి, ఎలా పడ్డాడు అన్నది తెలియదు. బ్రూస్ లీ అసలు గొప్పతనం ఆ దూరంలోనే ఉంది. అవతలివాడు కదలబోతున్నాడని కళ్లతో పసిగట్టి, అతను సగం కదిలేలోపే ఈయన చెయ్యి అక్కడ ఉంటుంది. ఇద్దరూ ఒకే ఫ్రేములో, తల నుంచి పాదం దాకా కనిపిస్తేనే ఆ విద్య మనకి అర్థమవుతుంది. ఓహారా ఫైట్ మొదట్లో ఆయన దాదాపు నిలబడ్డ చోట నిలబడే కొడతాడు, అది చూసి నాకు ఒళ్లు జలదరించింది. అందుకు కొనమంటున్నాను.

ఇంకో మాట. ఇప్పటి టీవీలో ఈ సినిమా వేస్తే పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. అవి చూసి ఇంట్లో ఎవరో ఒకరు జూమ్ నొక్కుతారు. నొక్కనివ్వకండి, నొక్కితే రెండు పక్కలా మళ్లీ తెగిపోతుంది.

అన్నా, ఇందులో జాకీ చాన్ ఉన్నాడంటారు, ఎన్నిసార్లు చూసినా నాకు దొరకలేదు. — గద్వాల నుంచి ఒక తమ్ముడు

ఉన్నాడు. భూమి లోపల గుహలాంటి చోట బ్రూస్ లీ మీదికి కాపలావాళ్లు గుంపుగా వస్తారు కదా, అక్కడ వెనక నుంచి వచ్చి పట్టుకునే కుర్రాడు. బ్రూస్ లీ అతని జుట్టు పట్టుకుని మెడ విరిచేస్తాడు. కొన్ని సెకన్లే, రిమోట్ చేతిలో పెట్టుకోండి. అప్పటికి జాకీ చాన్‌కి ఇరవై ఏళ్లు నిండలేదు. సినిమా మొదట్లో బ్రూస్ లీతో తలపడే బొద్దు మనిషి సామో హంగ్, ఆయనా తర్వాత పెద్ద డైరెక్టర్ అయ్యాడు.

నా దగ్గరున్న పాత వీసీడీలో ఒక గురువు బ్రూస్ లీతో మాట్లాడే సీన్ లేదు. నా దోస్తు దగ్గరున్న డీవీడీలో ఉంది. మా ఇద్దరికీ చాలా రోజులుగా వాదన. ఏది అసలు సినిమా? — ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

రెండూ అసలువే, వాదన ఆపండి. 1973లో అమెరికాలో విడుదలైన సినిమాలో ఆ సీన్ లేదు. 25 ఏళ్లు నిండినప్పుడు, 1998లో, తీసేసిన సుమారు 3 నిమిషాలు మళ్లీ కలిపి కొత్తగా విడుదల చేశారు. మీ దోస్తుది ఆ తర్వాతి ప్రింటు నుంచి వచ్చింది. 2023లో 50 ఏళ్లకు వచ్చిన 4కె డిస్క్‌లో రెండు రకాలూ ఉన్నాయి.

ఏది చూడాలి అంటే మాత్రం నా ఓటు గురువు ఉన్నదానికే. ఎందుకో చివరి అద్దాల గది చూస్తే తెలుస్తుంది. విలన్ హాన్ ఆ గదిలో దాక్కుంటాడు, ఎటు చూసినా వాడే, ఏది మనిషో ఏది నీడో తెలియదు. బ్రూస్ లీ ఒంటి మీద గాట్లు పడుతుంటాయి, కొట్టడానికి అవతల మనిషి దొరకడు. చిన్నప్పుడు క్యాసెట్లో చూసినప్పుడు ఆయన ఉన్నట్టుండి అద్దాలు పగలగొట్టడం మొదలుపెడితే అందరం కేకలు వేశాం గాని, ఆ ఆలోచన ఆయనకి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆ తీసేసిన సీన్‌లో గురువు చెప్పేది అదే. శత్రువు బొమ్మల వెనక, భ్రమల వెనక దాక్కుంటాడు, ఆ బొమ్మని పగలగొడితే శత్రువు కూలతాడు అని. అద్దాల గదిలో ఆ మాట మళ్లీ వినిపిస్తుంది, వెంటనే చెయ్యి లేస్తుంది, అద్దం పగులుతుంది. మొదట్లో విత్తనం వేసి చివర్లో కోసినట్టు. ఆ 3 నిమిషాలు తీసేస్తే పాఠం చెప్పకుండా పరీక్ష పెట్టినట్టే.

ఆ సీన్ కొంచెం నెమ్మదిగా నడుస్తుంది, ఒప్పుకుంటాను. ఇద్దరూ నడుచుకుంటూ మాట్లాడుకోవడం తప్ప ఏమీ జరగదు. పోనీయండి. 32 ఏళ్లకే, 1973 జులై 20న, హాంగ్‌కాంగ్‌లో ఆయన పోయాడు. సినిమా అమెరికాలో విడుదలైంది ఆగస్టులో. తను నమ్మిన విద్య గురించి ఆయన నింపాదిగా మాట్లాడే ఆ 3 నిమిషాలని నేను ఏ ఫైట్‌కీ ఇవ్వను.

కొనేముందు ఒక జాగ్రత్త. అట్ట మీద నిడివి చూసి ఏది ఏదో తేల్చుకోవచ్చు అనుకుంటారు. పాతది సుమారు 99 నిమిషాలు, సీన్ కలిపినది సుమారు 102. కానీ మన దేశంలో టీవీలకి వాడుతూ వచ్చిన పాల్ (PAL) అనే పద్ధతి డీవీడీల్లో సెకనుకి 24 బొమ్మలు నడవాల్సిన సినిమాని 25 చొప్పున నడుపుతారు. అలా 102 నిమిషాలది 98కి వచ్చేస్తుంది. పొడుగు సినిమా కూడా పొట్టిదానిలాగే కనిపిస్తుంది. అట్టని నమ్మకండి, వేసి చూడండి, మొదటి ఫైట్ తర్వాత గురువు వస్తే అదే. అన్నట్టు, పాల్‌లో ప్రతి తన్నూ 4 శాతం వేగంగా పడుతుంది, గొంతులు కూడా కొంచెం సన్నబడతాయి.

కొత్త డిస్క్‌లోనూ విలన్ హాన్ పెదాలకీ మాటలకీ పొంతన లేదు. డిస్క్ డూప్లికేటా? — కోదాడ

డిస్క్ తప్పు కాదు. అప్పట్లో హాంగ్‌కాంగ్‌లో షూటింగ్ అంటే బొమ్మ మాత్రమే తీసేవాళ్లు, మాటలన్నీ తర్వాత డబ్బింగ్. హాన్‌గా నటించింది షీ కీన్, ఇంగ్లిష్‌లో ఆ గొంతు కీ లూక్ అనే వేరే నటుడిది. కమల్‌హాసన్ తెలుగులో మాట్లాడుతుంటే బాలు గారి గొంతు విని పెరిగినవాళ్లం మనం, ఇది మనకి కొత్త కాదు కదా.

నమస్తే సార్. నేను నల్లగొండలో కరాటే నేర్చుకుంటున్నా, బ్రౌన్ బెల్టు. బ్రూస్ లీది కరాటే కాదు అని మా మాస్టర్ అంటారు. మరి చిన్నప్పటి నుంచి అందరూ కరాటే సినిమా అనే అన్నారు. — నల్లగొండ

మీ మాస్టర్ చెప్పింది నిజం. కరాటే పుట్టింది ఒకినావాలో, అక్కడి నుంచి జపాన్ అంతా పాకింది. బ్రూస్ లీ హాంగ్‌కాంగ్‌లో పెరిగినవాడు, కుర్రతనంలో ఇప్ మాన్ దగ్గర వింగ్ చున్ అనే కుంగ్‌ఫూ నేర్చుకున్నాడు. తర్వాత అమెరికా వెళ్లి, పాశ్చాత్యుల బాక్సింగ్, కత్తియుద్ధం కూడా చదివి, వాటిలో తనకి పనికొచ్చింది తీసుకుని జీత్ కున్ డో అని తన పద్ధతి తను తయారు చేసుకున్నాడు. మన దగ్గర మాత్రం కాలు పైకి లేస్తే చాలు, కరాటేనే. కాలేజీ గ్రౌండులో తెల్ల బట్టలు వేసుకుని అరిచే పిల్లలు, హీరో సుమన్, హీరో భానుచందర్, బ్రూస్ లీ, అందరినీ కలిపి ఒకే మాట అనేశాం. అందులో ప్రేమే ఉంది, తప్పు పట్టను.

మీరు నేర్చుకునేవాళ్లు కాబట్టి మొదటి ఫైట్ మళ్లీ చూడమంటాను. చేతులకి వేళ్లు బయటికి ఉండే చిన్న గ్లౌజులు, మధ్యలో ఎత్తి పడేయడం, చివర్లో కింద పడుకోబెట్టి చెయ్యి మెలిపెట్టి లొంగదీయడం. ఇప్పుడు ఫోన్లో మీరు చూసే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీల్లో ఉన్నవన్నీ 1973లోనే అక్కడ ఉన్నాయి. ఇంకొకటి, ఆయన 1958లో హాంగ్‌కాంగ్‌లో చాచా డాన్సు పోటీ గెలిచినవాడు. ఆ అడుగుల తేలిక ఎక్కడి నుంచి వచ్చిందా అని మీకు ఎప్పుడైనా అనిపిస్తే, ఆ డాన్సు కూడా లెక్కలో వేసుకోండి.

మా బాబుకి పదకొండేళ్లు. కరాటే క్లాసుకి వెళ్తున్నాడు, మీరు రాసింది చదివి ఆ సినిమా కావాలని పట్టుబట్టాడు. చూపించొచ్చా? నాకు టెన్షన్‌గా ఉంది. — ఒక తల్లి, వనపర్తి

ఇప్పుడే వద్దమ్మా. అమెరికాలో దీన్ని పెద్దవాళ్ల సినిమా కిందే విడుదల చేశారు. మత్తుమందు ఇచ్చి బందీలుగా పెట్టిన ఆడపిల్లలు ఉన్నారు. బ్రూస్ లీ చెల్లెలు దుర్మార్గుల చేతికి చిక్కకుండా గాజు ముక్కతో పొడుచుకుని చనిపోయే సీన్ ఉంది. నేను పదేళ్లకి చూశాను, ఆ గాజు ముక్క నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. పక్కన పెద్దవాళ్లు ఉన్నా ఎవరూ ఏమీ చెప్పలేదు. మీ బాబుకి పదిహేను, పదహారు వచ్చాక మీరు పక్కన కూర్చుని చూపించండి.

ఇప్పటికి ‘ద 36త్ ఛాంబర్ ఆఫ్ షావొలిన్’ తెచ్చుకోండి. 1978లో షా బ్రదర్స్ వాళ్లు తీసింది, డైరెక్టర్ లా కార్ లియుంగ్, హీరో గోర్డన్ లియు. మొదట్లో, చివర్లో కొంచెం నెత్తురు ఉంటుంది, అది మీరు ముందు చూసి దాటించేయండి. మధ్యలో ఉన్నదంతా శిక్షణే. అన్నం తినే గదికి వెళ్లాలంటే నీళ్లలో తేలే కట్టెల మోపు మీద అడుగు వేసి దాటాలి, మునిగితే మళ్లీ మొదటికి. రెండు చేతులూ చాచి నీళ్ల బకెట్లు మోయాలి, చేతులు దించితే జబ్బలకి కట్టిన కత్తులు పక్కటెముకలకి గుచ్చుకుంటాయి. అలాంటి 35 గదులు దాటాక ఆ కుర్రాడు గురువులని అడిగేది ఇంకో గది, బయటి మామూలు జనానికి ఈ విద్య నేర్పే గది. క్లాసులో రోజూ అదే పంచ్ ఎందుకు కొట్టిస్తున్నారని విసుక్కునే పిల్లలకి దీన్ని మించిన సినిమా నాకు తెలియదు.

మా బాపుకి డెబ్బై ఏళ్లు. పాలమూరు జనంతో కలిసి బొంబాయిలో పని చేసినప్పుడు అక్కడ థియేటర్లో డ్రాగన్ చూశాడట. మొన్న కొత్త పెద్ద టీవీలో వేసి చూపిస్తే పది నిమిషాలకే ‘ఇది ఆ సినిమా లెక్క లేదు, సీరియల్ లెక్క ఉంది’ అని లేచిపోయాడు. మాకు తేడా ఏమీ కనిపించలేదు. ఆయన కళ్ల సమస్యా? — దేవరకొండ

బాపు కళ్లు మీ అందరి కళ్లకంటే బాగున్నాయి. ఆయన పట్టుకున్నది నిజమైన తేడా.

సినిమా సెకనుకి 24 బొమ్మలు. కొత్త టీవీలు ఆ 24 మధ్యలో లేని బొమ్మలని సొంతంగా కల్పించి నింపుతాయి, కదలిక నున్నగా ఉండాలని. క్రికెట్‌కి అది బాగానే ఉంటుందేమో, సినిమాకి మాత్రం ప్రాణం తీస్తుంది. మెరుపులా వచ్చిన చెయ్యి జారినట్టు వస్తుంది, దెబ్బలో బరువు పోతుంది, పెద్ద తెర సినిమా కాస్తా స్టూడియోలో తీసిన సీరియల్‌లా కనిపిస్తుంది. థియేటర్లో చూసిన మనిషికి అది వెంటనే తెలిసిపోతుంది. టీవీ సెట్టింగుల్లో పిక్చర్ అన్నచోటికి వెళ్లండి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, ఎక్కువగా ‘మోషన్’ అన్న మాట అందులో ఉంటుంది. దాన్ని పూర్తిగా ఆఫ్ చేయండి. ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ఉంటే అది పెట్టండి, చాలావరకు తనే సరిచేస్తుంది. రంగులు మొదట కొంచెం వెలిసినట్టు అనిపిస్తాయి, కాసేపటికి అలవాటవుతుంది. తర్వాత బాపుని పిలిచి ఏమీ చెప్పకుండా ఓహారా ఫైట్ వేయండి. ఆయన ఏమన్నాడో నాకు తప్పకుండా రాయండి.

ఇంట్లో ఒక ట్రంకు పెట్టె నిండా పాత వీడియో క్యాసెట్లు ఉన్నాయి, సినిమాలూ పెళ్లిళ్లూ కలిసి. ఏం చేయమంటారు? — సూర్యాపేట

ముందు పెళ్లిళ్లని కంప్యూటర్‌లోకి ఎక్కించండి. సినిమా ఎక్కడైనా దొరుకుతుంది. క్యాసెట్ కిటికీలోంచి టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని వీసీఆర్‌లో పెట్టకండి, బూజు టేపుని చదివే హెడ్‌కి అంటుకుని మిగతా క్యాసెట్లకీ పాకుతుంది. శుభ్రంగా ఉన్నవాటిని తేమ తగలని చోట, స్పీకర్లకి దూరంగా, పుస్తకాల్లా నిలబెట్టి ఉంచండి. వీసీఆర్ తయారీ 2016లోనే ఆగిపోయింది, జపాన్‌లో ఫునై అనే కంపెనీ చివరిది. ఇప్పుడు నడిచేవన్నీ పాత మిషన్లే, ఆలస్యం చేస్తే ఎక్కించేవాళ్లే దొరకరు.

ఎక్కించడానికి ఇచ్చేటప్పుడు ఒక్కొక్క క్యాసెట్ ఇచ్చి, ఒకటి చేతికి వచ్చాకే ఇంకోటి ఇవ్వండి. నేను మా చిన్నాయన పెళ్లి క్యాసెట్, చెల్లె ఓణీల ఫంక్షన్ క్యాసెట్ కలిపి ఒక దుకాణానికి ఇచ్చాను, వాళ్లు రెండూ పోగొట్టారు. చిన్నాయన ఇప్పుడు లేడు. ఆయన నడుస్తూ, మాట్లాడుతూ కనిపించేది ఆ ఒక్క టేపులోనే.

మా తాత అచ్చంపేట దగ్గర మా ఊళ్లో కర్రసాము నేర్పేవాడు. డ్రాగన్ వీడియో వేసినప్పుడు బ్రూస్ లీ కర్ర తిప్పుతుంటే ‘ఈయన మనోడే’ అని మురిసిపోయేవాడని నాన్న చెప్తాడు. ఆ కర్ర, మన కర్ర ఒకటేనా? — నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి ఒక విద్యార్థి

ఆ భూగర్భం ఫైట్‌లో ఆయన మూడు ఆయుధాలు వాడతాడు. ముందు పొడుగు కర్ర, చైనా కుంగ్‌ఫూలో ఉన్నదే. తర్వాత రెండు చేతుల్లో రెండు పొట్టి కర్రలు, అది ఫిలిప్పీన్స్ వాళ్ల విద్య. చివరికి గొలుసుతో కలిపిన రెండు కర్రలు, నంచాకు, అది ఒకినావాది. మన ఊళ్లలో ఎందరో పిల్లలు సైకిల్ చైను ముక్కతో తయారు చేసుకుని తలలు పగలగొట్టుకున్నది దాన్ని చూసే. ఇంగ్లండ్‌లో అయితే పిల్లలు చూసి నేర్చుకుంటారని ఆ నంచాకు ముక్కని సెన్సార్ వాళ్లు చాలా ఏళ్లు కత్తిరించి చూపించారు.

మీ తాత చూసింది దేశాన్ని కాదు. కర్ర చేతుల్లోంచి తిరగదు, నడుములోంచి తిరుగుతుంది. అది తెలిసినవాడు తెలిసినవాణ్ని ఎక్కడున్నా గుర్తుపడతాడు. సగం కోసేసిన బొమ్మలో కూడా ఆయన దాన్ని గుర్తుపట్టాడంటే ఆయన ఎంతటి గురువో నాకు అర్థమవుతోంది.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఊళ్లో ఇంకా ఎవరైనా ఉన్నారా? మీ నాన్నకి తెలిసే ఉంటుంది. ఉంటే వచ్చే పీర్ల పండుగ దాకా ఆగకండి, ఈ ఆదివారమే వెళ్లి అడగండి. తెల్లవారాక ఎండ ముదరకముందు, ఖాళీ జాగాలో నిలబడమనండి. ఫోన్ అడ్డంగా పట్టుకోండి. మనిషి పాదాల నుంచి కర్ర రెండు కొసల దాకా ఫ్రేములో పట్టేంత దూరం వెనక్కి జరగండి, ఎదురుగా ఇంకొకరు ఉంటే ఆ మనిషి కూడా అందులో ఉండాలి. ముఖం దగ్గరగా చూపిద్దామని జూమ్ చేయకండి, ఆయన ఆగేదాకా రికార్డింగ్ ఆపకండి.